పెద్దమ్మ బీరువాలో దొరికిన 'జాయ్' సీసా: చెడిపోయిందా, వాడొచ్చా, అమ్మాలా?

ప్రశ్న: మా పెద్దమ్మ పోయాక ఆవిడ బీరువాలో జాన్ పటూ కంపెనీ 'జాయ్' సెంటు సీసా దొరికింది. నల్ల గాజు, ఎర్ర మూత, పెట్టె కూడా ఉంది. పెదనాన్నగారు 1970ల్లో విదేశాల నుంచి తెచ్చారని అంటున్నారు. మూత బిగుసుకుపోయింది. కదిపితే లోపల ఇంకా ఉన్నట్టే తెలుస్తోంది. ఇంత పాతది చెడిపోయి ఉండదా? వాడుకోవచ్చా, అమ్మేయడం మంచిదా? డియోర్ వాళ్లు అమ్ముతున్న జాయ్ ఇదేనా?

జవాబు:

మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. ఈ పేర్ల గందరగోళంలో పడి ఒకటి అనుకుని ఇంకొకటి కొంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. డియోర్ జాయ్ ఇది కాదండీ. రెండింటికీ పేరు తప్ప ఇంకేమీ కలవదు. 2018లో ఫ్రాన్స్‌కు చెందిన విలాస వస్తువుల గ్రూపు ఎల్‌వీఎంహెచ్ జాన్ పటూ సంస్థను కొనేసింది. అదే ఏడాది ఆ గ్రూపులోనే ఉన్న డియోర్ నుంచి 'జాయ్' పేరుతో కొత్త సెంటు వచ్చింది. దాన్ని తయారు చేసినవారు అప్పటి డియోర్ పెర్ఫ్యూమర్ ఫ్రాన్స్వా దెమాషీ. ఈ కాలానికి తగ్గట్టు తేలిగ్గా, ఉతికిన బట్టలా శుభ్రంగా ఉండే వాసన అది. దాని మానాన అది బాగానే ఉంటుంది. కానీ 1930లో పుట్టిన అసలు జాయ్ ఆ చేతుల మార్పిడితో అంగళ్లలోంచి మాయమైపోయింది. పటూ పేరుతో బట్టలు మళ్లీ వస్తున్నాయి గానీ పాత జాయ్ తిరిగి రాలేదు. అంటే మీ దగ్గరున్నది ఇప్పుడు ఎవరూ తయారు చేయని సరుకు.

అందుకే రెండు మాటలు ముందే చెబుతున్నాను. మూతను పట్టకారుతోనో చాకుతోనో తీయబోకండి. ఎవరో ఒక ధర చెప్పారని వెంటనే అమ్మేయకండి. ఈ రెండూ ఎందుకో తెలియాలంటే ఆ సీసాలో ఏముందో తెలియాలి.

జాన్ పటూ అసలు బట్టల డిజైనర్. 1920ల్లో పారిస్‌లో పెద్ద పేరు. టెన్నిస్ తార సుజాన్ లెంగ్లెన్‌కు మోకాళ్ల దాకా ఉండే కుచ్చుల స్కర్టు, చేతుల్లేని పైదుస్తులు కుట్టి ఆడవాళ్ల ఆటల బట్టలనే మార్చేసిన మనిషి. 1925లో మూడు సెంట్లతో సుగంధాల వ్యాపారంలోకి దిగాడు. ఆ మూడూ ఆయన కోసం తయారు చేసింది హెన్రీ అల్మెరాస్ అనే పెర్ఫ్యూమర్. తర్వాత 1929లో అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలింది. పటూ బట్టలకు ఖాతాదారుల్లో చాలామంది డబ్బున్న అమెరికన్ ఆడవాళ్లే. వాళ్లు పారిస్ రావడం తగ్గిపోయింది. అలాంటి రోజుల్లో ఎవరైనా చవక సరుకు తెస్తారు. పటూ ఎదురు దారిలో వెళ్లాడు. అల్మెరాస్ చూపించిన వాటిలో, ఇంత ఖరీదైన పదార్థాలతో చేస్తే అమ్మడం కష్టమని పక్కన పెట్టిన మిశ్రమాన్నే ఎంచుకున్నాడని ఆ సంస్థ చెప్పుకునే కథ. 'ప్రపంచంలోకెల్లా ఖరీదైన సెంటు' అన్న ప్రచార వాక్యాన్ని ఇచ్చింది ఆయన స్నేహితురాలు, అమెరికన్ పత్రికల్లో రాసే ఎల్సా మాక్స్‌వెల్ అంటారు. కథలో మెరుగులు ఎన్ని ఉన్నా, సీసాలో పోసినదాన్ని వాసన చూస్తే ఆ ఖరీదు ఎక్కడికి పోయిందో తెలిసిపోతుంది.

ఆ ఖరీదు పూలకు పోయింది. ఒక ఔన్సు, అంటే 30 మి.లీ. పార్ఫమ్ (సెంట్లలో అన్నింటికన్నా చిక్కటి రకం) తయారు కావడానికి 10,600 జాజిపూలు, 28 డజన్ల గులాబీలు పడతాయని పటూ సంస్థ దశాబ్దాల పాటు చెప్పింది. ఈ అంకెను అందరూ అప్పజెబుతారు, లెక్క మాత్రం ఎవరూ వేయరు. కిలోకు సుమారు 8,000 జాజిపూలు తూగుతాయి. 10,600 పూలంటే కిలో మూడు వందల గ్రాములకు పైమాటే. ఒక కిలో చిక్కటి జాజి సారం, అంటే పరిశ్రమలో అబ్సల్యూట్ అనేది, రావాలంటే 600 నుంచి 700 కిలోల పూలు కావాలి. ఆ లెక్కన 30 మి.లీ. సీసాలో దాదాపు 2 గ్రాముల జాజి సారమే ఉండాలి. మొత్తం బరువులో అది ఏడెనిమిది శాతం. ప్రచారంలో కాస్త ఎక్కువ చెప్పారనుకుని సగానికి సగం కొట్టేసినా అది మామూలు సంగతి కాదు. అంతర్జాతీయ సుగంధాల సంఘం ఇఫ్రా ఈ శతాబ్దం మొదటి దశకంలో చర్మపు అలర్జీల కారణంగా ఈ జాజి సారానికి పెట్టిన పరిమితి ఒక శాతం కన్నా తక్కువ. అంటే ఆ పాళ్లలో జాయ్‌ను ఇప్పుడు ఎవరైనా తయారు చేయాలనుకున్నా నిబంధనలు ఒప్పుకోవు. డబ్బుంటే చాలదు.

ఇక్కడ మనవాళ్లకు ఒక్క మాట. జాస్మిన్ అనగానే మనకు మల్లె గుర్తుకొస్తుంది. జాయ్‌లో ఉన్నది మల్లె కాదు, జాజి. దక్షిణ ఫ్రాన్స్‌లోని గ్రాస్ ఊళ్లో పండించినది. అక్కడ జాజిని ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తెల్లవారుజామునే చేతితో కోస్తారు. ఎండెక్కితే వాసన పలచబడుతుంది. గులాబీ మేలో వస్తుంది, కొద్ది వారాలే. ఇప్పుడు ప్రపంచంలో జాజి సారం ఎక్కువ భాగం ఈజిప్టు నుంచి, మన దేశంలో తమిళనాడు నుంచి వెళ్తోంది. అదే మొక్క అయినా నేల, ఎండ మారితే సారం వాసన మారుతుంది. గ్రాస్ జాజి పండులా గుండ్రంగా ఉంటుందని, మన జాజి ఇంకాస్త పచ్చిగా, ఘాటుగా ఉంటుందని పెర్ఫ్యూమర్లు అంటారు. రెండూ పక్కపక్కన చూసినప్పుడు నాకూ అలాగే అనిపించింది.

మీ సీసా తెరిచినప్పుడు ఎలా ఉంటుందో ముందే చెబితే భయపడరు. పాత జాయ్ మొదటి నిమిషాల్లో బాగుండదు. గోళ్ల రంగు తుడిచే ద్రవంలా గుప్పుమనొచ్చు, కాస్త పుల్లగా ఉండొచ్చు. సెంటులో పైకి ముందుగా ఎగిరే తేలిక పదార్థాలు, అంటే ఆల్డిహైడ్లు (సబ్బులాంటి మెరుపునిచ్చే రసాయనాలు), నిమ్మజాతి నూనెలు, ముందు పాడయ్యేవి కూడా అవే. చాలామంది అక్కడే చెడిపోయిందనుకుని సింకులో పారబోస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మణికట్టు మీద ఒక చుక్క పెట్టి అరగంట ఆగండి. ఆ పై పొర పోయాక గులాబీ, జాజి కలిసి వస్తాయి. ఏది ఎక్కడ మొదలైందో విడదీయలేనంత కలిసిపోయి వస్తాయి. అల్మెరాస్ పనితనం అంతా అక్కడుంది. ఒక్క పువ్వు పేరు చెప్పి ఇది దాని సెంటు అనలేరు.

ఇంకో గంటకు జాజిలోని అసలు స్వభావం బయటికి వస్తుంది. రాత్రంతా జడలో ఉన్న పూలు తెల్లారేసరికి ఇచ్చే మగ్గిన, ఒంటి వేడి కలిసిన వాసన తెలుసు కదా, సరిగ్గా అది. అందులో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది, జాజిలో సహజంగానే ఉంటుంది. దాని కింద పునుగు. అవునండీ, తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామివారి మూలమూర్తికి పూసే పునుగు తైలం ఏ జాతి సుగంధమో, అదే. కాకపోతే ఫ్రెంచి సెంట్లకు వాడింది ఆఫ్రికా పునుగుపిల్లిది, ఎక్కువగా ఇథియోపియా నుంచి వచ్చేది. ఆ జంతువులను బోనుల్లో పెట్టి గ్రంథుల నుంచి గీకి తీసే పద్ధతి క్రూరమైనది. దానికి ప్రత్యామ్నాయంగా ప్రయోగశాలలో తయారు చేసిన సివెటోన్ వచ్చింది, అది రావడమే న్యాయం. కానీ 1970ల సీసాలో ఉన్నది అప్పటి పద్ధతిలో చేసినదే అయ్యుంటుంది. చర్మం మీద ఆఖరున మిగిలే వెచ్చదనం చాలావరకు దాని వల్లే, తోడుగా గంధం. మన ముక్కులకు ఇది పరాయి వాసన అనిపించదు. పెద్దమ్మగారు ఇంతకాలం దాచుకున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు.

రంగు గురించి కంగారు పడకండి. పాత జాయ్ టీ డికాక్షన్ రంగులోకి తిరుగుతుంది. ఇండోల్, ఆల్డిహైడ్లు ఒకదానితో ఒకటి కలిసి కాలక్రమంలో ముదురు రంగు పదార్థాలుగా మారతాయి. రంగు మారడం వయసుకు గుర్తు, చెడిపోవడానికి కాదు. అరగంట తర్వాత కూడా పాడైన నూనె వాసన, సిర్కా వాసన తప్ప ఇంకేమీ రాకపోతేనే చెడిపోయినట్టు. మీది నల్ల గాజు కావడం అదృష్టం. సెంటుకు పెద్ద శత్రువులు వెలుతురు, వేడి. పారదర్శకంగా ఉండే సీసాలో, డ్రెస్సింగ్ టేబుల్ మీద నిలబడ్డ జాయ్ కన్నా బీరువాలో చీకట్లో పడున్న నల్ల సీసా ఎన్నో రెట్లు బాగా నిలుస్తుంది.

మూత గాజుది అయితే బిగుసుకోవడం మామూలే. మెడ చుట్టూ చేరిన సెంటు ఆవిరైపోయి జిగురుగా మిగిలి పట్టేస్తుంది. ఆ జిగురు ఆల్కహాలులో కరుగుతుంది. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌ను డ్రాపర్‌తో మూతకూ మెడకూ మధ్య ఒక చుక్క వేయండి. లేబుల్‌కు తగలకుండా చుట్టూ దూది చుట్టండి. ఒక రాత్రి అలాగే నిలబెట్టి ఉంచండి. పొద్దున మెడను అరచేతిలో పట్టుకుని ఆ వేడి తగలనిచ్చి, మూతను పైకి లాగకుండా మెల్లగా పక్కకు తిప్పండి. రాకపోతే మళ్లీ ఒక చుక్క, ఇంకో రాత్రి. వేడినీళ్లలో ముంచొద్దు. గాజు పగలొచ్చు, లోపల సెంటు కూడా పాడవుతుంది. మెడకు బంగారు దారం, పలచటి పొర ఇంకా చెక్కుచెదరకుండా ఉంటే మాత్రం ఇదంతా ఆపేయండి. అది ఫ్యాక్టరీ సీలు, దాన్ని తెంపితే అమ్మకం విలువ పడిపోతుంది. ముందు అమ్మాలో వద్దో తేల్చుకోండి.

నిజంగా 1970లదేనా అన్నది పెట్టె చెబుతుంది. ఇంట్లో వాళ్ల జ్ఞాపకాలు ఒక పదేళ్లు అటూ ఇటూ పోతుంటాయి, తప్పు పట్టక్కర్లేదు. పెట్టె అడుగున లినలూల్, జెరానియోల్, హైడ్రాక్సీసిట్రోనెలాల్ అంటూ పదార్థాల పట్టిక ఉంటే అది 2005 దరిదాపుల్లో గానీ ఆ తర్వాత గానీ వచ్చినది. యూరప్‌లో అలర్జీ కలిగించే 26 పదార్థాల పేర్లు వేయాలన్న నిబంధన అప్పుడే అమల్లోకి వచ్చింది. బార్‌కోడ్ ఉంటే 1980ల మధ్య కన్నా ముందుది కాకపోవచ్చు. పట్టికా లేక, బార్‌కోడూ లేక, పటూ పారిస్ చిరునామా, రూ సెయింట్ ఫ్లోరెంటిన్, మాత్రమే ఉంటే మీ ఇంట్లో వాళ్లు చెప్పింది నిజమయ్యే అవకాశం ఎక్కువ. పటూ సెంట్లు తర్వాత వేరే యజమానుల చేతుల్లోకి వెళ్లాయి: ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ పేరుంటే 2001 తర్వాతది. లండన్‌కు చెందిన డిజైనర్ పార్ఫమ్స్ పేరుంటే 2011 తర్వాతది.

ఈ వయసుకు ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, జాయ్ అన్ని కాలాల్లో ఒకేలా లేదు. 1967 నుంచి మూడు దశాబ్దాల పాటు పటూ సంస్థకు పెర్ఫ్యూమర్‌గా ఉన్నది జాన్ కెర్లెయో. పూల నాణ్యత విషయంలో రాజీపడని మనిషి. 1990లో వెర్సాయ్‌లో ఓస్మోతెక్ అనే సుగంధాల భాండాగారం పెట్టడానికి ముందు నిలిచిందీ ఆయనే. ఆగిపోయిన సెంట్లను అక్కడ 12 డిగ్రీల చలిలో, గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు నింపి కాపాడతారు. ఆయన హయాంలో తయారైన పార్ఫమ్ నా లెక్కలో ఇప్పుడు దొరకగలిగిన వాటిలో అన్నింటికన్నా మంచిది. 1970ల సీసా అంటే ఆ కాలానిదే. తర్వాతి యజమానుల కాలంలో వచ్చినవి చెడ్డవి కావు, పలచబడ్డాయి. 2000లో అమెరికా ఫ్రాగ్రెన్స్ ఫౌండేషన్ జాయ్‌ను శతాబ్దపు సుగంధంగా ఎంపిక చేసింది. ఆ మరుసటి ఏడాదే సంస్థ చేతులు మారింది.

ఇంకొకటి, పెట్టె మీద 'పార్ఫమ్' అని ఉందో, 'ఓ ద జాయ్' అనో 'ఓ ద టాయిలెట్' అనో ఉందో చూడండి. పలచదనంలో తేడా ఒక్కటే అనుకోకండి, వాసనలోనే తేడా ఉంటుంది. పార్ఫమ్‌లో జాజిది పైచేయి. ఆ తర్వాత వచ్చిన ఓ ద పర్ఫ్యూమ్‌లో నా ముక్కుకు తేనె కలిసిన గులాబీ ఎక్కువ. నల్ల గాజు, ఎర్ర మూత సాధారణంగా పార్ఫమ్‌కే వాడారు కాబట్టి మీది అదే అయ్యుండాలి.

ఇక అమ్మకం. ఈ సీసాలకు ఆన్‌లైన్‌లో కనిపించే పెద్ద ధరల్లో చాలావరకు అడిగిన ధరలే, అమ్ముడుపోయినవి కాదు. అమ్ముడైన వాటిని విడిగా చూపించే సైట్లలో వెతికితే అసలు బజారు తెలుస్తుంది. సీలు ఉన్నదానికీ తెరిచినదానికీ చాలా తేడా ఉంటుంది. సీసా అడుగున బకారా గాజు కంపెనీ గుర్తు ఉంటే గాజు సేకరించేవాళ్లు వేరే లెక్క కడతారు, అప్పుడు లోపల సెంటు ఉన్నా లేకపోయినా వాళ్లకు ఒకటే. ఇక్కడ ఒక ఇబ్బంది కూడా ఉంది. సెంటు మండే వస్తువు కింద లెక్క కాబట్టి విదేశాలకు విమాన పార్శిల్‌లో మామూలుగా తీసుకోరు. వేరే పేరు రాసి పంపేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల చేతికి చేయి ఇచ్చి పుచ్చుకునే సేకర్తలు ఉన్నారు, ఆ దారి మంచిది.

నా సలహా అడిగితే అమ్మొద్దనే అంటాను. సీలు తెగిన పాత సెంటు దాచుకున్న కొద్దీ తరుగుతుందే తప్ప పెరగదు. మూత తీసిన ప్రతిసారీ గాలి చేరుతుంది. ఇప్పుడు బాగున్నది పదేళ్ల తర్వాత ఇంత బాగుంటుందని భరోసా లేదు. మీరు వాడకపోతే ఇంకెవరూ వాడరు.

వాడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ముందు మోచేతి మడతలో ఒక చుక్క రాసి ఒక రోజు చూడండి. దురద, ఎర్రదనం వస్తే చర్మానికి వాడొద్దు, రుమాలుకు రాసుకోండి. పట్టుచీర మీద మాత్రం అసలు పడనీయకండి. జాజి సారం రంగు ఎక్కువ, మచ్చ పడితే పోదు. జరీ మీద, ముత్యాల మీద కూడా వద్దు. చెవుల వెనక ఒక్కో చుక్క చాలు. ఇది స్ప్రే చేసుకునే సెంటు కాదు, పార్ఫమ్ చాలా చిక్కగా ఉంటుంది. వేసవి మధ్యాహ్నం బయటికి వెళ్లేటప్పుడు వద్దు, పునుగు మరీ బరువెక్కి పక్కవాళ్లకు తలనొప్పి తెప్పిస్తుంది. చలికాలం సాయంత్రం పెళ్లికి, ఏసీ హాల్లో అయితే చెప్పక్కర్లేదు.

దాచేటప్పుడు పెట్టెలోనే ఉంచి, నిలబెట్టి, ఇంట్లో అన్నింటికన్నా చల్లగా ఉండే గదిలో బీరువా కింది అరలో పెట్టండి. అటక మీద వద్దు. మన మే నెలలో అటక మీది వేడికి ఏ సెంటూ నిలవదు. బాత్రూమ్ అరలోనూ వద్దు. ఫ్రిజ్‌లో పెట్టొచ్చా అని అడుగుతారు. తలుపు అరలో పెడితే తీసిన ప్రతిసారీ వేడి చలి మారుతుంటుంది, దానికన్నా బీరువాయే నయం. చిన్న సీసాల్లోకి ఒంపకండి, ఒంపడంలోనే సగం గాలి చేరుతుంది.

ఇది అయిపోయాక ఏం కొనాలని ఎలాగూ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. జాయ్‌కు బదులు అనదగ్గది లేదు. దగ్గరికి వచ్చేవి రెండు మూడు ఉన్నాయి. వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ వారి 'ఫస్ట్', 1976లో జాన్ క్లోడ్ ఎలెనా చేసినది, అదే వంశం. గై రాబర్ట్ చేసిన అముయాజ్ 'గోల్డ్' ఇంకా బరువైనది, పునుగు వెచ్చదనం నచ్చితే అది చూడండి. షనెల్ నంబర్ 5 పార్ఫమ్‌లో ఇప్పటికీ గ్రాస్ జాజి వాడుతున్నారు, కానీ అందులో ఆల్డిహైడ్ల సబ్బు మెరుపు ముందుంటుంది, పూలు వెనక ఉంటాయి. అత్తర్లకు పేరున్న ఉత్తరప్రదేశ్ ఊరు కనౌజ్‌లో గంధం నూనె మీద తీసిన మంచి చమేలీ, అంటే జాజి అత్తరు దొరికితే జాయ్‌లోని జాజి ఎలాంటిదో కొంత తెలుస్తుంది. అందులో గులాబీతో ఆ కలయిక ఉండదు, అంతే.

మూత వచ్చాక అరగంట తర్వాత ఏ వాసన వచ్చిందో, పెట్టె అడుగున ఏం రాసి ఉందో ఫోటోతో సహా ఇక్కడ పెట్టండి. ఏ కాలానిదో ఇంకాస్త కచ్చితంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.